ఆషాఢంలో అయిదో డిస్కు

మీ పెళ్ళి వీడియో ఎక్కడుంది?

ఉన్నపళంగా ఇలా అడిగితే చాలామంది బీరువా వైపు చూస్తారు. పట్టుచీరల కింద క్యాసెట్ ఉందంటారు. అది వీహెచ్‌ఎస్ క్యాసెట్. దాన్ని ఆడించే వీసీపీ పాత సామాన్లవాడి తోపుడుబండి ఎక్కి ఎన్నేళ్ళయిందో! కాస్త తరవాతి పెళ్ళిళ్ళయితే వీసీడీలు, డీవీడీలు. వాటిమీద గీతలు పడి, సరిగ్గా తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి బొమ్మ గళ్ళుగళ్ళుగా చెదిరిపోతుంది. గళ్ళు పడకపోయినా ఈ రోజుల్లో లాప్‌టాప్‌లకు డీవీడీ పెట్టే చోటే ఉండటం లేదు. ఇప్పటి జంటలకు స్టూడియోవాళ్ళు ముచ్చటైన చెక్కపెట్టెలో పెన్‌డ్రైవ్ పెట్టి ఇస్తున్నారు. పెట్టె షోకేసులో ఉంటుంది. పెన్‌డ్రైవ్ ఏ సొరుగులో ఉందో ఆ సొరుగుకే తెలియాలి.

'పోతే పోయిందిలే, స్టూడియో వాళ్ళ దగ్గర ఉంటుందిగా!' చివరికి అందరి ధైర్యమూ ఇదే.

మరి స్టూడియోవాళ్ళ దగ్గర అది దేన్లో ఉంటుంది? ఎన్నాళ్ళుంటుంది? ఏదైనా అయితే ఎవరు దిక్కు? కొంపల్లిలో మా బావకున్న ఫొటోస్టూడియోలో 2025 ఆషాఢంలో మూడు రోజులు కూర్చున్నాక ఈ ప్రశ్నలకు జవాబులు దొరికాయి. కొన్ని ధైర్యం చెప్పేవి. కొన్ని నిద్ర పట్టనివ్వనివి.

సుచిత్ర చౌరస్తా దాటి మేడ్చల్ వైపు వెళ్తుంటే జాతీయ రహదారికి అటూ ఇటూ ఫంక్షన్ హాళ్ళూ గార్డెన్లే. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ద్రాక్షతోటలు ఉండేవని పెద్దవాళ్ళు చెబుతారు. ఇప్పుడు పందిళ్ళున్నాయి కానీ అవి పెళ్ళి పందిళ్ళు. మంచి ముహూర్తం ఉన్న రాత్రి ఈ దారిలో వెళ్ళడమంటే నాలుగు బరాత్‌లూ ఆరు బ్యాండుమేళాలూ దాటుకుని వెళ్ళడమే. ఇన్ని పెళ్ళిళ్ళు జరిగేచోట స్టూడియోలకు పని ఉండదా? మా బావకు శ్రావణం, కార్తీకం, మాఘం, ఫాల్గుణం ఊపిరాడదు. ఆషాఢం వచ్చిందంటే మాత్రం షట్టర్ సగం దించి కెమెరాలు తుడుచుకుంటాడు.

ఇదివరకు ఒక పెళ్ళంటే రెండు క్యాసెట్లు. ఇప్పుడు నాలుగు కెమెరాలు, ఒక డ్రోను. ఒక్క పెళ్ళికే 200 నుంచి 400 జీబీ వీడియో పోగవుతుంది. పని పూర్తయి ఆల్బం చేతికిచ్చాక పచ్చి వీడియోను కొన్నాళ్ళుంచి తీసేస్తాడు. ఫొటోలనూ, ఎడిట్ చేసిన వీడియోనూ మాత్రం తీసెయ్యడు. అలా పదేళ్ళకు పైబడిన పెళ్ళిళ్ళన్నీ ఒక నల్లటి పెట్టెలో ఉన్నాయి. చూడటానికి అత్తయ్యగారి పోపులడబ్బా అంత ఉంటుంది. లోపల ఒక్కోటి 4 టెరాబైట్ల హార్డ్‌డిస్కులు నాలుగు. టెరాబైట్ అంటే వెయ్యి జీబీ. ఆ డబ్బాలో దాదాపు 9 వేల జీబీ నిండి ఉంది. ఎందరి కన్నీళ్ళో, ఎందరి నవ్వులో!

కిరాణా చీటీలో కిటుకు

ఆ పెట్టెలో నాలుగు డిస్కులూ విడివిడిగా పనిచేయవు. 'రెయిడ్' అనే పద్ధతిలో ఒక జట్టుగా ఉంటాయి. రెయిడ్ అంటే ఆదాయపన్ను వాళ్ళు వచ్చి బీరువాలు తెరిపించేది కాదు. ఒక డిస్కు చచ్చిపోయినా అందులో ఉన్నది పోకుండా మిగతా డిస్కులు కాపాడే ఏర్పాటు.

దీని కథ 1988లో మొదలైంది. అమెరికాలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ అనే ముగ్గురు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. పెద్ద కంప్యూటర్లకు వాడే ఖరీదైన డిస్కు ఒకటి కొనే బదులు, పీసీల్లో వాడే చౌక డిస్కులు బోలెడు కలిపి వాడుకుంటే? ఇదీ వాళ్ళ ఆలోచన. అప్పటి ఆ చిన్న డిస్కులో పట్టేది 100 మెగాబైట్లు. చిక్కేమిటంటే డిస్కులు పెరిగినకొద్దీ ఏదో ఒకటి పాడయ్యే అవకాశం కూడా పెరుగుతుంది. ఒక డిస్కు సగటున 30 వేల గంటలు నడుస్తుందనుకుంటే వంద డిస్కుల గుంపులో సగటున 300 గంటలకే ఏదో ఒకటి మూలపడుతుంది. అంటే రెండు వారాలు కూడా గడవదు! అందుకే కొంత అదనపు సమాచారం కూడా రాసిపెట్టి, పోయినదాన్ని దాని సాయంతో తిరిగి రాబట్టే పద్ధతుల్ని 1 నుంచి 5 దాకా అంకెలు వేసి వివరించారు. 6 ఆ తరవాత చేరింది. ఈ అంకెలు బడిలో తరగతుల్లాంటివి కావు. 1 కంటే 5 గొప్పదని కాదు. ఏ పద్ధతి దానిదే.

రెయిడ్ 1 అద్దంలాంటిది. ఒక డిస్కులో ఏం రాస్తే రెండో దాంట్లోనూ అదే. రెయిడ్ 5 కాస్త తెలివైనది. దాన్ని అర్థం చేసుకోవాలంటే కిరాణా కొట్టు చీటీ చాలు.

కందిపప్పు 150, నూనె 140, చింతపండు 100. కింద మొత్తం 390. సంచీలో చీటీ తడిసి 'నూనె' పక్కనున్న అంకె చెరిగిపోయింది. ఫరవాలేదు. 390 లోంచి 150, 100 తీసేస్తే 140 వచ్చేస్తుంది. ఆ 'మొత్తం' అన్న గడి ఉంది చూశారూ, దాన్నే కంప్యూటర్‌వాళ్ళు ప్యారిటీ అంటారు. అసలు డిస్కుల్లో జరిగేది కూడిక కాదు, సున్నాలూ ఒకట్లతో చేసే అలాంటి మరో లెక్క. కానీ కిటుకు ఇదే. రెయిడ్ 5లో ఈ మొత్తాల్ని ఒకే డిస్కులో పెట్టకుండా అన్ని డిస్కులకూ పంచుతారు. నాలుగు డిస్కులున్నా దాచుకోగలిగేది మూడింటికి సరిపడేంతే. నాలుగోదాని మేర ఈ మొత్తాలకే పోతుంది.

మరి చీటీలో రెండు అంకెలు చెరిగిపోతే? ఒక్క మొత్తంతో రెండూ తేలవు. రెండో మొత్తం కూడా కావాలి. మొదటిది ఒక రెట్టు, రెండోది రెండు రెట్లు, మూడోది మూడు రెట్లు వేసి కూడండి. 150, 280, 300 కలిపి 730. ఇప్పుడు పప్పు, నూనె అంకెలు రెండూ చెరిగిపోయినా పదో తరగతి పిల్లలు చెప్పేస్తారు. మొదటి మొత్తం ప్రకారం రెండూ కలిసి 290. రెండో మొత్తం ప్రకారం పప్పూ, నూనెకు రెండింతలూ కలిసి 430. తేడా 140, అదే నూనె. మిగిలిన 150 పప్పు. రెయిడ్ 6లో సూత్రం ఇదే. రెండు రకాల మొత్తాలు ఉంటాయి కాబట్టి ఏ రెండు డిస్కులు పోయినా నష్టం లేదు.

శివరాత్రికి ముందే జాగారం

బావ పెట్టె రెయిడ్ 5 మీద ఉండేది. 2025 ఫిబ్రవరిలో, మాఘమాసం పెళ్ళిళ్ళు జోరుమీదుండగా, ఒక రాత్రి పెట్టె కీచుమని అరవడం మొదలుపెట్టింది. రెండో డిస్కు పోయింది. అయినా ఫైళ్ళన్నీ తెరుచుకుంటూనే ఉన్నాయి. అదే రెయిడ్ చలవ. మర్నాడు కొత్త డిస్కు తెచ్చి పెట్టారు. పెట్టె మిగతా మూడు డిస్కుల్నీ మొదటినుంచి చివరిదాకా చదివి, కిరాణా లెక్క కట్టి, పోయినదాన్ని కొత్త డిస్కులో తిరిగి రాయాలి. దానికి పద్నాలుగు గంటలు పట్టింది.

ఆ పద్నాలుగు గంటలూ బావ అన్నం సరిగా తినలేదని అక్క చెప్పింది. ఎందుకంటే ఆ సమయంలో చీటీలో ఒక అంకె అప్పటికే చెరిగి ఉంది. ఇంకొకటి చెరిగితే ఇక అంతే. పైగా నాలుగు డిస్కులూ ఒకే రోజు, ఒకే కొట్లో, ఒకే పెట్టెలోంచి తీసి కొన్నవి. ఒకే ఈడు, ఒకే పని, ఒకే వేడి. ఒకదానికి వచ్చిన జబ్బు ఇంకోదానికి రాదన్న నమ్మకం ఏముంది?

ఇంకో లెక్క కూడా ఉంది. కొన్ని మామూలు రకం హార్డ్‌డిస్కులకు తయారీదారులు ఒక హద్దు చెబుతారు. వంద లక్షల కోట్ల బిట్లు చదివితే, చదవలేకపోయే చోటు ఒకటికి మించదని. ఆ పెద్ద సంఖ్యను మనకు తెలిసిన కొలతలోకి మారిస్తే పన్నెండున్నర టెరాబైట్లు. బావ పెట్టెలో పోయిన డిస్కును బతికించాలంటే చదవాల్సింది మూడు నాలుగులు పన్నెండు టెరాబైట్లు! అది తయారీదారు చెప్పే హద్దే గానీ ఖాయంగా జరిగేది కాదు. చాలా డిస్కులు అంతకన్నా బాగానే నడుస్తాయి. కానీ డిస్కులు పెద్దవయ్యేకొద్దీ ఒక్క 'మొత్తం' మీద భరోసా ఎందుకు తగ్గుతూ వచ్చిందో ఈ లెక్క చెబుతుంది.

ఆ రాత్రి గండం గడిచింది. "ఆషాఢం రానీ, దీన్ని రెయిడ్ 6 చేసేస్తా" అని బావ అక్క ముందు ఒట్టు పెట్టుకున్నాడు.

కొత్త ఇంట్లోకి, పాత ఇంట్లో ఉంటూనే

నాలుగు డిస్కులతోనే రెయిడ్ 6 చేస్తే రెండు డిస్కుల మేర మొత్తాలకే పోయి 8 టెరాబైట్ల చోటే మిగులుతుంది. ఉన్నదేమో 9. అందుకని అయిదో డిస్కు కొన్నాడు. ఈసారి వేరే కొట్లో, వేరే కంపెనీది. అయిదు డిస్కుల రెయిడ్ 6లో మళ్ళీ 12 టెరాబైట్ల చోటు ఉంటుంది. పెట్టెలో ఖాళీ అర ఉంది. అందులోని సాఫ్ట్‌వేర్‌లో 'రెయిడ్ మార్చు' అన్న బటన్ కూడా ఉంది. ఉన్న ఫైళ్ళు ఉన్నట్టే ఉంటాయని దానికింద రాసి కూడా ఉంది.

జులైలో ఒక శుక్రవారం నేను వెళ్ళేసరికి అక్కడ పంచాయితీ నడుస్తోంది.

"ఏం గాదు బామ్మర్దీ, బటన్ నొక్కుడే. అదే చేస్కుంటది" అన్నాడు బావ.

"అన్నా, ముందు కాపీ తీద్దాం. ఆ కాపీ ఈ షాపులో వద్దు. తర్వాత నొక్కుదాం" అన్నాడు అక్కావాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే ఉండే ఓ కుర్రాడు. డేటా సెంటర్లో స్టోరేజీ పనే చేస్తాడు. ఉద్యోగంలో రోజూ చేసేదే అయినా బావ పెట్టెను ముట్టుకోవడానికి భయపడుతున్నాడు. పని తెలిసినవాడి భయం అది.

"కాపీకి ఇంకో పెద్ద డిస్కు కొనాలె. అయిదోది కొన్నదే గీ భయం పోవడానికి గదా?"

అప్పుడా కుర్రాడు చెప్పిన మాటలు నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రెయిడ్ 5 నుంచి 6కు మారడమంటే డిస్కుల మీద ఉన్న ప్రతి గీతనూ చెరిపి కొత్త వరసలో మళ్ళీ రాయడం. ఇల్లు ఖాళీ చేయకుండా, అందులోనే సంసారం చేస్తూ, ఒక్కో గోడనూ కూల్చి రెండు అంగుళాలు పక్కకు జరిపి కట్టడంలాంటిది. మధ్యలో కొంతభాగం పాత వరసలో ఉంటుంది, కొంత కొత్త వరసలో ఉంటుంది. ఎంతవరకు వచ్చామన్నది పెట్టె ఎప్పటికప్పుడు గుర్తు పెట్టుకుంటుంది. ఆ గుర్తు చెడితే పాత పటమూ పనికిరాదు, కొత్త పటమూ పనికిరాదు. పైగా ఆ రెండు రోజులూ డిస్కులు క్షణం ఆగకుండా చదువుతూ రాస్తూ ఉంటాయి. ముసలి డిస్కు ప్రాణం విడవడానికి అంతకంటే అనువైన సమయం ఉండదు.

అంటే, భద్రత పెంచుకోవడానికి చేసే పనే దాన్నంతా పోగొట్టుకునే అవకాశం ఎక్కువగా ఉన్న పని! గుండె ఆపరేషన్ ఎందుకు చేయించుకుంటాం? బతకడానికే. అయినా సంతకం తీసుకోకుండా ఏ డాక్టరూ కత్తి పట్టడు కదా.

"అన్నా, రెయిడ్ అంటే డిస్కు పోతే ఆదుకుంటది. నీ చేతులతో నువ్వే ఫోల్డరు డిలీట్ చేస్తే అయిదు డిస్కుల్లో ఒకేసారి డిలీటైతది. వైరస్ వస్తే అయిదింట్లో వస్తది. దొంగ వస్తే పెట్టెతో సహా పట్టుకపోతడు. అది కాపీ గాదన్నా" అన్నాడు.

బావ మాట్లాడలేదు. అక్కే లేచింది. "రెండు పెళ్ళిళ్ళ అడ్వాన్సు నా దగ్గరుంది. కొనుక్కరా" అంది. దాంతో పంచాయితీ ముగిసింది.

12 టెరాబైట్ల డిస్కు వచ్చింది. 9 వేల జీబీ అందులోకి ఎక్కడానికి దాదాపు ఒక రోజు పట్టింది. ఎక్కినది ఎక్కినట్టే ఉందో లేదో అసలుతో పోల్చి చూడటానికి ఇంచుమించు మరో రోజు. ఆ తరవాత కుర్రాడు కళ్ళు మూసుకుని ఓ పది పెళ్ళిళ్ళు ఎంచి, కాపీలోంచి తెరిచి చూపించాడు. తెరవని కాపీ ఉందనుకోవడానికి లేదట. ఆ డిస్కును అక్క తువ్వాల్లో చుట్టి రెండు కిలోమీటర్ల అవతల ఉన్న ఇంటికి తీసుకెళ్ళి బియ్యం డబ్బా పక్క అలమారలో పెట్టింది. నేను సెలవు పెట్టి మళ్ళీ వచ్చే శుక్రవారానికి ముహూర్తం కుదిరింది. ఆషాఢంలో ముహూర్తం దీనికొక్కదానికే!

సగం దారిలో

శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి బటన్ నొక్కారు. పెట్టెకు యూపీఎస్ ఉంది. దాని వెనక ఇన్వర్టర్ ఉంది. తెరమీద '0 శాతం' అని వచ్చింది. అరగంట తరవాత 1 శాతం. గోడమీద బల్లి కదిలినంత వేగం.

శనివారం పొద్దున పదకొండింటికి 32 శాతం దగ్గర ఉండగా ఒక ఫోను వచ్చింది. ఒకావిడ. 2014లో ఆవిడ పెళ్ళి వీడియో బావే తీశాడు. 2021 మే నెలలో కరోనా రెండో విడతలో వాళ్ళ నాన్న పోయారు. అప్పుడు ఇచ్చిన డీవీడీ ఇప్పుడు ఆడటం లేదు. ఫోన్లో ఉన్నవన్నీ ఫొటోలే. "నాన్న గొంతు ఎక్కడా లేదన్నా. పెళ్ళి వీడియోలో ఉంటదేమో చూస్తరా? నా కొడుకు తాత గొంతే వినలేదు" అంది.

బావ తెరవైపు చూశాడు. 32 శాతం. పెట్టెలోంచి ఫైలు తీయొచ్చు, అది పనిచేస్తూనే ఉంటుంది. కానీ ఆ సమయంలో దాన్ని కదిలించడం కుర్రాడికి ఇష్టం లేదు. బావ నావైపు తిరిగి, "బామ్మర్దీ, ఇంటికి పోయి ఆ తువ్వాల మూట తే" అన్నాడు.

బియ్యం డబ్బా పక్కనుంచి వచ్చిన డిస్కును పక్క కంప్యూటర్‌కు తగిలించి 2014 ఫోల్డరు తెరిచాం. అప్పగింతల దగ్గర నాన్న ఉన్నాడు గానీ పాట పెట్టేశారు. గొంతు లేదు. ఎదుర్కోళ్ళ దగ్గరా పాటే. అప్పట్లో పెళ్ళి వీడియో అంటే మొత్తం సినిమా పాటలే కదా! గంటంబావు వెతికాక భోజనాల దగ్గర దొరికింది. పాట అయిపోయి మరో పాట మొదలయ్యేలోపు పదకొండు సెకన్లు. పంచె ఎగ్గట్టిన పెద్దాయన కెమెరా ఉందని కూడా చూసుకోకుండా ఎవరితోనో, "డ్రైవర్లు తిన్నరా? పిలువుండ్రి, వాళ్ళను ముందు కూసోబెట్టుండ్రి" అంటున్నాడు.

అంతే. ఆ పదకొండు సెకన్లు కత్తిరించి ఆవిడ ఫోనుకు పంపారు. జవాబుగా సాయంత్రం దాకా ఏమీ రాలేదు. సాయంత్రం ఒక చిన్న పిల్లాడి గొంతు రికార్డు చేసి పంపింది. "డ్రైవర్లు తిన్నరా?" అని వాడు తాతను అనుకరిస్తున్నాడు.

మూటను బావ వెంటనే ఇంటికి పంపించేశాడు. అది మంచిదైంది. ఆ రాత్రి పదిన్నరకు, 58 శాతం దగ్గర, పెట్టె కీచుమంది. మూడో డిస్కులో కొన్ని చోట్లు చదవడానికి రావడం లేదట. బావ చెయ్యి ఆఫ్ బటన్ వైపు వెళ్ళింది. "వద్దన్నా, ఆపితే నడిమిట్ల ఉంటది. పోనీ" అని కుర్రాడు ఆపాడు. చదవలేకపోయిన చోట్లను పెట్టె పాత 'మొత్తం' లెక్కతో రాబట్టుకుంటూ ముందుకు పోతోంది. ఇంకో డిస్కు కూడా అక్కడే మొరాయిస్తే లెక్క కుదరదు. 59. 60. పదిన్నర దాటిన కొంపల్లిలో లారీల చప్పుడు తప్ప ఏమీ లేదు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, బావ పదకొండింటికి లేచి "పోయి పండుకుందాం" అన్నాడు. ఫిబ్రవరిలో అన్నం తినని మనిషి! ఆ డిస్కే ఉంది, ఆ కీచుమనే చప్పుడే ఉంది, ప్రమాదమూ అంతే ఉంది. మారింది ఒక్కటే. రెండు కిలోమీటర్ల అవతల బియ్యం డబ్బా పక్కన ఇంకో ప్రతి ఉంది.

ఆదివారం సాయంత్రం అయిదింటికి నూరు శాతం అయింది. నలభై నాలుగు గంటలు. సోమవారం ఆ మూడో డిస్కును తీసి కొత్తది పెట్టారు. ఈసారి అది తిరిగి నిండుతున్నంతసేపూ చీటీలో ఇంకో మొత్తం మిగిలే ఉంది. బావ మధ్యాహ్నం నిద్ర కూడా పోయాడు.

ఒకే కప్పు కింద

ఇంటికొచ్చాక ఈ విషయం గురించి నేను ఇంకొంచెం చదివాను. మూడు ప్రతులు ఉండాలి, అవి రెండు రకాల సాధనాల మీద ఉండాలి, అందులో ఒకటి వేరేచోట ఉండాలి అనే సూత్రానికి ప్రచారం తెచ్చింది కంప్యూటర్ శాస్త్రవేత్త కాదు, పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్. బొమ్మలు పోగొట్టుకునే బాధ ఫొటోగ్రాఫర్‌కే కదా తెలుస్తుంది.

ఈ సూత్రం పాటించకపోతే ఎంత పెద్దవాళ్ళయినా ఒకటే. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్లో లిథియం బ్యాటరీలనుంచి మంటలు లేచాయి. ప్రభుత్వోద్యోగులు ఫైళ్ళు దాచుకునే ఒక వ్యవస్థ పూర్తిగా కాలిపోయింది. 858 టెరాబైట్లు. మరీ పెద్దది కాబట్టి బయట వేరే ప్రతి పెట్టలేదట. కొరియాలాంటి దేశంలో!

మన ఊళ్ళో నీళ్ళు. 2000 ఆగస్టులో హైదరాబాద్‌ను వరద ముంచెత్తినప్పుడు బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి నీళ్ళు వచ్చి, ఎక్కడెక్కడినుంచో సేకరించిన అరుదైన పుస్తకాలూ పత్రికలూ తడిసిపోయాయి. కాగితమైనా డిస్కయినా ఒకే కప్పు కింద ఉంటే కష్టం ఒకటే.

ఇందుకు ఎదురు ఉదాహరణా ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు. ఆ వెబ్‌సైట్ తరవాత మూతపడింది. అయినా ఆ పుస్తకాల్ని ఈనాటికీ చదువుకోగలుగుతున్నాం. ఎందుకంటే వాటి ప్రతుల్ని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా చేర్చినవాళ్ళున్నారు.

ఆలోచిస్తే ఇది మనకు కొత్త విద్య కూడా కాదు. తాటాకులు పురుగు పట్టేలోగా కొత్త ఆకుల మీదికి ఎక్కించుకుంటూ వచ్చారు కాబట్టే మన కావ్యాలు మిగిలాయి. 19వ శతాబ్దంలో కడపలో సి.పి.బ్రౌన్ పండితుల్ని కూర్చోబెట్టి ఏం చేయించాడు? ఒకే కావ్యానికి వేర్వేరు ఊళ్ళనుంచి ప్రతులు తెప్పించి, ఒకదాంట్లో చెడిన చోటును ఇంకోదాంతో పోల్చి సరిచేయించాడు. ఒక ప్రతిలో పురుగు తిన్న అక్షరం ఇంకో ఊరి ప్రతిలో బతికి ఉంది. అవన్నీ ఒకే ఇంట్లో ఉండి ఉంటే పోల్చడానికి ఏం మిగిలేది?

తాటాకు కొన్ని వందల ఏళ్ళు ఓర్చుకుంటుంది. హార్డ్‌డిస్కుకు అయిదారేళ్ళు దాటితే వయసు మీదపడినట్టే. అంటే మన పెళ్ళిళ్ళూ, పిల్లల మొదటి అడుగులూ, పోయినవాళ్ళ గొంతులూ పదేళ్ళకోసారైనా ఒకచోటినుంచి ఇంకోచోటికి కాపురం మారుతూనే ఉండాలి. మార్చేవాళ్ళెవరన్నదే ప్రశ్న. స్టూడియో మూతపడొచ్చు. యజమాని ఊరు మారొచ్చు. పదేళ్ళ కిందట ఆల్బం డబ్బులిచ్చేసిన పెళ్ళివారి కోసం కొత్త డిస్కులు కొంటూ పోయే ఓపిక ఎవరికుంటుంది? ఈ సంగతి ఏ స్టూడియోవాడూ పెళ్ళివారికి చెప్పడు. పెళ్ళివారూ అడగరు.

శ్రావణం సీజన్ మొదలయ్యేసరికి బావ రసీదు పుస్తకం కొత్తగా అచ్చు వేయించాడు. కింద రెండు వాక్యాలు చేర్చాడు: 'మీ వీడియో, ఫొటోలు మా దగ్గర మూడేళ్ళు మాత్రమే భద్రపరచగలము. ఈలోగా హార్డ్‌డిస్కు తెచ్చుకుని మీ కాపీ మీరు తీసుకొనగలరు.' మూడేళ్ళు దాటితే తీసేస్తావా అని అడిగాను. "తీసెయ్య మనసొప్పుతదా? కానీ భయమన్నా ఉండాలె గదా" అన్నాడు.

చాలామంది ఆ రెండు వాక్యాలు చదవడం లేదట. అడ్వాన్సు ఎంత రాశాడో చూసుకుని మడిచి జేబులో పెట్టేసుకుంటున్నారు. కార్తీకంలో మాత్రం శామీర్‌పేట నుంచి ఒక రైతు దంపతులు కూతురి పెళ్ళి మాట్లాడుకోవడానికి వచ్చారట. ఆయన రసీదు పైనుంచి కిందిదాకా వేలుపెట్టి చదివి, భార్యకు వినిపించాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, "అట్లయితే రెండు డిస్కులు తెస్తం, రెండింట్ల ఎక్కియ్యి. ఒకటి మా దగ్గరుంటది, ఒకటి బిడ్డ అత్తగారింట్ల" అంది.